సీమచింతకాయలో ఉన్నది ఏ సీమ?

నంద్యాల_అమ్మాయి
రెండ్రోజులుగా మా ఇంట్లో సీమచింతకాయ మీద గొడవ. తెలిసినవాళ్ళు ఎవరైనా తేల్చండి. మా పాప మూడో తరగతి. బడిలో 'మన ప్రాంతపు చెట్లు' అని రాసుకురమ్మన్నారు. వేప, చింత, కానుగ రాసి చివర్లో "సీమచింత మన రాయలసీమలో పుట్టింది, అందుకే ఆ పేరు" అని రాసింది. పక్కన చుట్టలు తిరిగిన కాయ బొమ్మ కూడా వేసింది. టీచర్ టిక్కు పెట్టి స్టార్ ఇచ్చారు. మా అమ్మ సంబరం అంతా ఇంతా కాదు. మా ఆయనది అమలాపురం. "మా ఊళ్ళో కూడా సీమచింతకాయే అంటాం, మరి మాకు రాయలసీమ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు. "మీది కోనసీమ కాదా, అదీ సీమే" అని మా అమ్మ. అప్పట్నుంచి ఇద్దరూ తగ్గట్లేదు. పాప రాసింది తప్పయితే దానికి సరిగ్గా చెప్పాలి కదా.

గోదారి_గట్టు
మీ ఆయన వైపు నా ఓటు. మా నాయనమ్మ రాయలసీమ మొహం చూడని మనిషి, ఆవిడా సీమచింతకాయే అనేది.

ఎర్రనేల_రైతు
అనంతపురం జిల్లా. ఈ చెట్టు మాదే. మూడేళ్ళు వరసగా వాన లేకపోయినా మా గట్టు మీది సీమచింత ఒక్క ఏడు కూడా కాపు మానలేదు. అంత గట్టి ప్రాణం ఈ నేలదే. పాపకిచ్చిన స్టార్ వెనక్కి తీసుకోవద్దు.

హైదరాబాదీ_78
మా చిన్నప్పుడు బండి మీద అమ్మేవాళ్ళు దీన్ని 'విలాయతీ ఇమ్లీ' అని అరిచేవాళ్ళు. విలాయత్ అంటే ఇంగ్లండు కదా. రాయలసీమ మాటే లేదు అందులో.

బోటనీ_మేడం
ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పాను, ఈ ప్రశ్న నా క్లాసులో కూడా చాలాసార్లు వచ్చింది. ముందు చెట్టు సంగతి తేల్చుకుందాం, పేరు సంగతి తర్వాత.

ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. రాయలసీమా కాదు, ఇంగ్లండూ కాదు. స్పెయిన్ వాళ్ళ ఓడలు 1565 నుంచి 1815 దాకా మెక్సికోలోని అకపుల్కో రేవుకీ ఫిలిప్పీన్స్‌లోని మనీలాకీ మధ్య తిరిగాయి. ఆ దారిలోనే ఇది ఆసియాకి చేరింది. ఇంగ్లీషులో దీన్ని 'మనీలా చింత' అనడం అందుకే. 18వ శతాబ్దం చివరికే మన తీరంలో ఉంది. కాకినాడ పక్కన సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన గ్రంథంలో 'మిమోసా డల్సిస్' అనే పేరుతో దీన్ని బొమ్మతో సహా వర్ణించాడు. డల్సిస్ అంటే తియ్యనిది.

ఇప్పటి శాస్త్రీయ నామం పితెసెల్లోబియం డల్సే. గ్రీకులో పితెకోస్ అంటే కోతి, ఎల్లోబియాన్ అంటే చెవిపోగు. కోతి చెవిపోగు! ఆ చుట్టలు తిరిగిన కాయని చెవి దగ్గర పెట్టి చూడండి, ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసిపోతుంది. పాప బొమ్మ చక్కగా వేసిందన్నమాట.

ఇంకొకటి. దీన్ని చింత అంటున్నాం గానీ చింతకి ఇది దూరపు చుట్టమే. చిక్కుడు కుటుంబంలోనే ఉన్నా వేరే శాఖ. ముళ్ళు, పువ్వు, ఆకు తీరు చూస్తే తుమ్మకి దగ్గర. కాయలో గింజని పట్టుకుని ఉండే తెల్లటి, గులాబీ రంగు కండ కోసం చిలకలు ఎగబడతాయి. విత్తనాలు ఊరూరా పంచేది ఎక్కువగా పక్షులే.

ఎర్రనేల_రైతు
మేడం, చెట్టు ఎక్కడిదైనా కావచ్చు. పేరు మాత్రం మా సీమ పేరే ఎందుకు కాకూడదు? ఇక్కడ బాగా కాసింది, ఇక్కణ్ణుంచి కాయలు అటు పోయాయి, సీమచింత అన్నారు. బెంగళూరు వంకాయ బెంగళూరులో పుట్టిందా?

గోదారి_గట్టు
ఈ పాయింటు బాగుంది, ఒప్పుకోవాలి.

పాత_డిక్షనరీ
పాయింటు బాగుంది, కానీ నిలవదు. 'రాయలసీమ' అనే పేరు 1928లో వచ్చింది, నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభలో చిలుకూరి నారాయణరావు గారి సూచన మీద. అంటే చర్చ మొదలెట్టిన అమ్మాయి ఊళ్ళోనే! అంతకుముందు దత్తమండలాలు అనేవారు, 1800లో నిజాం ఆ జిల్లాలని ఇంగ్లీషువాళ్ళకి దత్తం చేశాడు కాబట్టి. రాక్స్‌బర్గ్ బొమ్మ వేసేనాటికి రాయలసీమ అనే మాటే లేదు.

ఎర్రనేల_రైతు
రాయలసీమ 1928ది కావచ్చు. సీమ అనే మాట 1928లో పుట్టిందా? విజయనగర శాసనాల్లో ఎన్ని సీమలు లేవు?

పాత_డిక్షనరీ
నిజం, తొందరలో సగమే చెప్పాను. విజయనగర కాలంలో రాజ్యం, నాడు, సీమ, స్థలం అని పాలనా విభాగాలు ఉండేవి. అయితే అప్పుడు సీమ అంటే 'ఒక ప్రాంతం' అని మాత్రమే, ఫలానా ప్రాంతం అని కాదు. ముందు ఏదో ఒక పేరు ఉండాల్సిందే. ఉత్త 'సీమ' అంటే అందరికీ రాయలసీమే గుర్తుకు రావడం ఈ వందేళ్ళ అలవాటు.

అంతకుముందు రెండొందల ఏళ్ళు ఉత్త 'సీమ' అంటే అర్థం వేరు. ఓడలో వచ్చిన దేశం, దొరల దేశం. సీమదొర, సీమసరుకు, సీమసారా, చదువుకోడానికి సీమకి వెళ్ళడం. సీమసున్నం అంటే రాయలసీమ సున్నమా? బడిలో బోర్డు మీద రాసే చాక్‌పీసు!

నంద్యాల_అమ్మాయి
అయ్యో, సీమసున్నం! రోజూ అనే మాటే, ఒక్కసారి కూడా తట్టలేదు.

చిత్తూరు_చిన్నోడు
మా పక్క జెర్సీ ఆవుని సీమావు అంటాం. మా అవ్వకి సీమావు పాలు నచ్చవు, "నీళ్ళలో సున్నం కలిపినట్టుంది" అంటుంది. నాటావు పాలయితేనే కాఫీ. ఇన్నాళ్ళూ మన సీమలో పెంచిన ఆవు కాబట్టి సీమావు అనుకుంటున్నా. తిరగేసి ఉంది వ్యవహారం.

గోదారి_గట్టు
మా వైపు తెల్ల పందులు సీమపందులు. ఊళ్ళో తిరిగే నల్లవి ఉత్త పందులు.

బెంగళూరు_తెలుగు
కన్నడంలో కూడా ఇదే లెక్క. కిరసనాయిలు సీమె ఎణ్ణె, చాక్‌పీసు సీమె సుణ్ణ, బెంగళూరు వంకాయ సీమె బదనెకాయి, సీమచింత సీమె హుణసె. ఒక్క సీమె తెలిస్తే సగం సంత చేసుకు రావచ్చు.

ఎర్రనేల_రైతు
బెంగళూరు వంకాయని మేము కూడా సీమవంకాయే అంటాం.

బోటనీ_మేడం
అది కూడా మెక్సికోదే. ఇంగ్లీషులో చయోటె అంటారు. మెక్సికోని పూర్వం ఏలిన అజ్టెక్‌ల నహువాట్ల భాషలో చయోట్లి, స్పానిష్ మీదుగా వచ్చింది. టమాటా మాట కూడా ఆ భాషదే, టొమాట్ల్. మలయాళంలో గ్లిరిసిడియాని శీమక్కొన్న అంటారు, పచ్చిరొట్టకి కంచెల్లో వేస్తారే, అది. మధ్య అమెరికా చెట్టు. సీమపనసని శీమచక్క అంటారు. అది పసిఫిక్ ద్వీపాల వైపు నుంచి వచ్చింది. తెలుగు, కన్నడ, మలయాళం, మూడు భాషలవాళ్ళూ ఒకే ముద్ర వేశారు చూడండి.

వీసా_వెయిటింగ్
సీమ అంటే సయాం దేశం అని ఎక్కడో విన్నాను. సీమతంగేడు శాస్త్రీయ నామంలో సయామియా అని ఉంటుంది. థాయిలాండ్ నుంచి వచ్చినవన్నీ సీమ అయ్యుండొచ్చుగా?

బోటనీ_మేడం
సీమతంగేడు విషయంలో రెండు మాటలూ యాదృచ్ఛికంగా కలిశాయి, అంతే. సెన్నా సయామియాలో ఉన్నది సయామే. కానీ సీమవంకాయ, సీమసున్నం, సీమదొర సయాం నుంచి రాలేదు కదా నాన్నా.

పాత_డిక్షనరీ
సయాం అక్కర్లేదు. సీమ సంస్కృతం మాట, అసలు అర్థం హద్దు, పొలిమేర. హద్దు లోపలి నేల కూడా సీమ అయింది. ఆ తర్వాత సముద్రానికి అవతలి నేల సీమ అయింది.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఇది. పైన హైదరాబాదీ గారు విలాయత్ అన్నారు. అది అరబ్బీ మాట, విలాయత్ అంటే ఒక పాలకుడి కింది ప్రాంతం, పరగణా. అదీ మన దేశంలోకి వచ్చాక దూరదేశం అయింది, ఆ తర్వాత ఇంగ్లండు అయింది. రెండు మాటలకీ చుట్టరికం లేదు, ఒకటి సంస్కృతం, ఒకటి అరబ్బీ. రెండూ 'ప్రాంతం' దగ్గర బయల్దేరి 'దొరల దేశం' దగ్గర తేలాయి. ఇక్కడున్న ఇంగ్లీషు సిపాయిలు విలాయతీని బిలాయతీ అని విని బ్లైటీ చేసుకున్నారు, అంటే వాళ్ళ సొంత ఊరు, ఇంగ్లండు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి ఇంటికి పంపించేంత దెబ్బ తగిలితే దాన్ని కూడా బ్లైటీ అనేవాళ్ళు. మన వీధిలో చింతకాయలమ్మిన మాటే అక్కడ కందకాల్లో సైనికుడి నోట్లో ఉంది.

హైదరాబాదీ_78
నేనేదో చిన్నప్పటి బండి గుర్తొచ్చి రాశాను. ఇంత దూరం పోతుందనుకోలేదు. చాలా సంతోషంగా ఉంది.

కాకినాడ_కాజా
మధ్యలో ఒక డౌటు. సీమంతంలో కూడా సీమ ఉంది కదా. అదీ ఇదేనా? వచ్చే నెల మా చెల్లి సీమంతం, అందుకే తట్టింది.

పాత_డిక్షనరీ
ఇదే! సీమ అంటే హద్దు అన్నాను కదా. తలలో జుట్టుని రెండుగా విడదీసే గీత కూడా హద్దే. సీమంతం అంటే పాపిట. ఆ వేడుక పూర్తి పేరు సీమంతోన్నయనం, పాపిట తీయడం అని. గర్భిణికి భర్త పాపిట తీయాలి. గాజులూ చలిమిడీ తర్వాత వచ్చి చేరాయి.

గోదారి_గట్టు
మా నాయనమ్మ చెప్పేది, ఆవిడ సీమంతానికి ఏదుపంది ముల్లు తెచ్చారని, దానితోనే పాపిట తీశారని. నల్లటి ముల్లు మీద తెల్ల పట్టీలు ఉంటాయి. అది ఆవిడ పసుపు డబ్బాలో చాలా ఏళ్ళు ఉండేది. మేం కలం అనుకుని సిరాలో ముంచి దెబ్బలు తిన్నాం. ఎందుకు దాచిందో ఇప్పుడు అర్థమైంది.

పాత_డిక్షనరీ
శాస్త్రంలో చెప్పింది కూడా ఏదుముల్లే. మీ నాయనమ్మగారి డబ్బాలో ఉన్నది అసలు సిసలు వస్తువు.

కాకినాడ_కాజా
చెల్లికి చెప్పాను. బావగారికి ఇప్పట్నుంచే దువ్వెన ప్రాక్టీసు మొదలెట్టించింది.

ఓరుగల్లు_పోరడు
సీమ మీద మాట్లాడుతూ సీమతుమ్మని వదిలేశారు. మా దగ్గర సర్కారు తుమ్మ అంటారు. చెరువు శిఖం మొత్తం అదే. మా బాపు ట్రాక్టర్ టైరు ఏడాదికి రెండుసార్లు పంక్చర్. ఆ ముల్లు చెప్పుల్లోంచి దిగితే అరికాలు వారం రోజులు సలుపుతుంది.

ఎర్రనేల_రైతు
కంపచెట్టు. దాని గురించి మాట్లాడితే నాకు బీపీ వస్తుంది. రెండెకరాలు మింగింది. కొట్టేకొద్దీ మొదట్లోంచి నాలుగు కొమ్మలు లేస్తాయి.

నెల్లూరు_చేప
మాకు చిల్లచెట్టు. పొయ్యిలోకి చిల్లకంప ఉంటే చాలు, బాగా మండుతుంది. బొగ్గు కూడా దీంతోనే కాలుస్తారు. తిట్టడం సరే, చాలా కుటుంబాలు దీని మీదే బతికాయి.

బోటనీ_మేడం
ఎర్రనేల_రైతు గారూ, ఇది చెప్పడానికి కొంచెం భయంగానే ఉంది. ఈ సీమతుమ్మ, శాస్త్రీయంగా ప్రొసోపిస్ జూలిఫ్లోరా, భారతదేశంలోకి అడుగుపెట్టింది మీ రాయలసీమలోనే. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లాలో నాటించారు. కరువు నేలల్లో వంటచెరకు దొరుకుతుందని ఆశ. మేకలు తియ్యటి కాయలు తిని గింజలు పెంటలో వేస్తాయి. పొట్టలో నానిన గింజ ఇంకా తొందరగా మొలుస్తుంది. తర్వాతి కథ మీకు తెలుసు. సర్కారు వేయించింది కాబట్టి సర్కారు తుమ్మ, బయటి దేశానిది కాబట్టి సీమతుమ్మ. రెండు పేర్లూ నిజమే చెబుతున్నాయి.

ఎర్రనేల_రైతు
అంటే తియ్యటి కాయల చెట్టు మాది కాకుండా పోయింది, ముళ్ళ చెట్టు మా ఇంటికే మొదట వచ్చింది. సరే మేడం.

చిత్తూరు_చిన్నోడు
అన్నా, చీనీ మనదే కదా, బాధపడకు. బత్తాయిని చీనీకాయ అనేది మనమే.

బెంగళూరు_తెలుగు
చీనీ అంటే చైనా తమ్ముడూ.

చిత్తూరు_చిన్నోడు
అదీ పోయిందా!

పాత_డిక్షనరీ
పోలేదు, ఆ పేరు సరైనదే. తీపి నారింజల మూలం చైనా వైపే. డచ్చివాళ్ళు నారింజని సినాస్అపెల్ అంటారు, చైనా ఆపిల్ అని. అనంతపురం రైతూ ఆమ్‌స్టర్‌డామ్ దుకాణదారూ ఒకే మాట అంటున్నారు. హైదరాబాదులో అదే పండు మొసంబి, ఆఫ్రికాలోని మొజాంబిక్ పేరు మీద. ఒకే పండుకి రెండు ఖండాల చిరునామాలు.

వీసా_వెయిటింగ్
టర్కీ కోడి కథ కూడా ఇలాంటిదే. మెక్సికో పక్షి. ఇంగ్లీషువాళ్ళు టర్కీ అన్నారు. టర్కీవాళ్ళేమో దాన్ని హిందీ అంటారు, ఇండియాది అని. ఫ్రెంచివాళ్ళు దాంద్ అంటారు, అదీ ఇండియాదే. పోర్చుగీసువాళ్ళు పెరూ అంటారు. అందరూ ఎవరిదో అన్నారు గానీ మెక్సికో అన్నవాడు లేడు.

బెంగళూరు_తెలుగు
మాకు జరిగింది చెప్తాను. బెంగళూరులో బొప్పాయిని పరంగి హణ్ణు అంటారు. పరంగి అంటే ఫిరంగీ, అంటే ఫ్రాంకులు, అదే తెల్లవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో చెన్నైకి మారాం. మా ఆవిడ కూరగాయల కొట్టుకి ఫోన్ చేసి బాగా పండిన పరంగి ఒకటి పంపమంది. పిల్లాడు ఎత్తుకోలేక ఎత్తుకొచ్చి గుమ్మంలో దించింది గుమ్మడికాయ. తమిళంలో పరంగిక్కాయ్ అంటే గుమ్మడి! ఆ వారమంతా గుమ్మడికాయ పులుసే.

ఓరుగల్లు_పోరడు
నాకు మాత్రం ఇదంతా చూస్తే మనసుకి కష్టంగా ఉంది. వచ్చిన ప్రతిదానికీ సీమ అని దొరల ముద్ర ఎందుకు వేయాలి? చెట్టు మెక్సికోది, పేరు మాత్రం దొరలకి.

పాత_డిక్షనరీ
మీ బాధ అర్థమైంది, కానీ ఆ పేర్లు పెట్టినవాళ్ళకి అది పొగడ్త కాదు. మన చింత ఒకటి ఉంది, దానిలాంటిది ఇంకోటి ఓడలో వచ్చింది, తేడా తెలియాలి. నాటుది, సీమది, అంతే. చిత్తూరు అవ్వకి సీమావు పాలు నచ్చనే లేదు కదా.

బోటనీ_మేడం
మరి 'మన' చింత సంగతి? అదీ ఉష్ణమండల ఆఫ్రికా చెట్టే. ఎప్పుడో చాలా పూర్వం వచ్చి మనదైపోయింది. అరబ్బులు దాన్ని మన దగ్గర చూసి తమర్ హిందీ అన్నారు, ఇండియా ఖర్జూరం అని. టామరిండ్ అనే మాట అదే. ఆఫ్రికా చెట్టుకి ఇండియా పేరు, దాని పోలికతో మెక్సికో చెట్టుకి చింత పేరు.

ఓరుగల్లు_పోరడు
చింతచెట్టు మనది కాదా?? మేడం, ఈ రాత్రికి నిద్ర పట్టదు.

డాలస్_నుంచి
పొద్దుటి నుంచీ చదువుతున్నా, ఇప్పుడు రాయకపోతే ఉండలేను. ఇక్కడ మెక్సికన్ సంతకి కొత్తిమీర కోసం వెళ్ళాను. ఒక పెద్దావిడ గంప ముందు కూర్చుని ఉంది. గంపలో సీమచింతకాయలు! ఎర్రగా, చుట్టలు చుట్టలుగా, కొన్ని పగిలి తెల్లటి పప్పు బయటికి కనబడుతూ. పదిహేనేళ్ళ తర్వాత చూడటం. చేయి వణికింది. అడిగితే గ్వామూచిల్ అంది. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో మా ఊళ్ళో కూడా ఇవి ఉంటాయని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఇవి మా ఊరివి, మీ దేశంలో ఎలా ఉంటాయి అన్నట్టు చూసింది. అప్పుడు ఒక కాయ తీసి, మన పద్ధతిలో చివర గిల్లి, చీలిక లాగి, పప్పు నోట్లో వేసుకుని గింజ చేతిలోకి ఊశాను. ఆవిడ నవ్వి ఇంకో గుప్పెడు ఊరికే వేసింది. అదే వగరు, గొంతు పట్టేయడం కూడా అదే. ఆ కాయలు ఆవిడ ఊరివే అని ఇవాళ తెలిసింది.

బోటనీ_మేడం
గ్వామూచిల్ కూడా నహువాట్ల మాటే. మీరు ఆ చెట్టుని దాని సొంత పేరుతో విన్నారు. చాలా మంచి పోస్టు.

ఎర్రనేల_రైతు
డాలస్ తమ్ముడూ, ఈసారి ఆ అవ్వ కనబడితే అనంతపురంలో ఆవిడ చెట్టు క్షేమంగా ఉందని చెప్పు. నీళ్ళు పోయకపోయినా కాస్తోందని చెప్పు.

నంద్యాల_అమ్మాయి
అందరి పోస్టులూ పాపకి చదివి వినిపించాను. కోతి చెవిపోగు దగ్గర పడీ పడీ నవ్వింది. పుస్తకంలో ఆ వాక్యం కొట్టేయనంది. కింద "ఇది మెక్సికో నుంచి మనీలా మీదుగా ఓడలో వచ్చింది. ఇప్పుడు మా వీధిలో ఉంది" అని రాసుకుంది. టీచర్‌కి తనే చెబుతుందట. మా అమ్మా మా ఆయనా రాజీపడ్డారు, ఇద్దరూ ఓడిపోయారు కాబట్టి.

సాయంత్రం కాయలు తెచ్చి, మా చిన్నప్పటి ఆట నేర్పించాను. గింజ మీది నల్ల తొక్కని గోటితో మెల్లగా ఒలవాలి, లోపలి గోధుమరంగు పొరకి గీత కూడా పడకూడదు. అలా వచ్చిన గింజని గుమ్మం పైన పెడితే చుట్టాలొస్తారని మా అవ్వ అనేది. పాప అయిదు పాడుచేసింది. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి ఆరోది ఒలిచింది. తెల్ల మచ్చ ఒక్కటి కూడా లేదు. వాళ్ళ నాన్న ఎత్తుకుంటే గుమ్మం పైన తనే పెట్టింది.

గోదారి_గట్టు
ఏమ్మా, రేపు ఎసట్లో ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యి. అమలాపురం నుంచి మీ అత్తగారు బయల్దేరి ఉంటారు.